ఒంటికి ఒకవైపే మంట, బొబ్బలా..? అక్కి కావొచ్చు.. మొదటి మూడు రోజులే కీలకం!

నడుముకు ఒకవైపు భగ్గున మంట. చొక్కా తగిలినా భరించలేనంత నొప్పి. పైకి చూస్తే ఏమీ కనిపించదు. రెండు మూడు రోజులు గడిచాక అదే చోట ఎర్రటి దద్దు, దాని మీద గుంపుగా నీటి బొబ్బలు. దీన్నే మన ఊళ్లల్లో అక్కి అంటారు, కొన్నిచోట్ల సర్పి అంటారు. డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ లేదా షింగిల్స్ అని రాస్తారు. పేరు ఏదైనా జబ్బు ఒక్కటే.

ఇది కొత్తగా బయటి నుంచి వచ్చే వైరస్ కాదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన ప్రతి ఒక్కరి ఒంట్లో వారిసెల్లా జోస్టర్ అనే వైరస్ మిగిలే ఉంటుంది. బొబ్బలు ఎండిపోయి మనం తలస్నానం చేసేశాక అది చచ్చిపోదు. వెన్నుపాము పక్కన, తల భాగంలో ఉండే నరాల ముడుల్లోకి వెళ్లి ఏళ్ల తరబడి నిద్రపోతుంది. వయసు పెరిగి ఇమ్యూనిటీ తగ్గినప్పుడు మళ్లీ లేచి, ఏదో ఒక నరం వెంట చర్మం దాకా వస్తుంది. అందుకే బొబ్బలు ఒంటికి ఒకే పక్కన, పట్టీ వేసినట్టు వస్తాయి. ఆటలమ్మ వైరసే ఇలా తిరిగి లేస్తుందని 1965లో గట్టిగా వాదించింది ఎవరో పెద్ద ల్యాబ్ సైంటిస్ట్ కాదు.. ఇంగ్లాండ్‌లోని ఓ చిన్న ఊళ్లో ప్రాక్టీస్ చేసే హోప్ సింప్సన్ అనే మామూలు ఫ్యామిలీ డాక్టర్.

50 ఏళ్లు దాటినవాళ్లకు రిస్క్ ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లు, క్యాన్సర్‌కు కీమో తీసుకునేవాళ్లు, హెచ్ఐవీ ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్స్ వాడేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో ప్రతి ముగ్గురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు షింగిల్స్ వస్తుందని అక్కడి సీడీసీ అంచనా.

అక్కి రాయిస్తే తగ్గుతుందా?

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికీ చాలామంది మొదట వెళ్లేది ఆస్పత్రికి కాదు, అక్కి రాసేవాళ్ల దగ్గరికి. ఎర్రమన్ను తడిపి బొబ్బల మీద బొమ్మ గీస్తారు, మంత్రం చదువుతారు. కొన్ని రోజులకు తగ్గిపోతుంది కూడా! ఎందుకంటే మామూలుగా ఈ బొబ్బలు 7 నుంచి 10 రోజుల్లో చెక్కు కట్టి, రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతట అవే మానిపోతాయి. మట్టి రాసినా, రాయకపోయినా అంతే. పైగా పగిలిన బొబ్బల మీద మట్టి పడితే చీము పట్టే ప్రమాదం ఉంది.

నమ్మకాన్ని ఎగతాళి చేయడం కాదు కానీ, అసలు నష్టం టైమ్‌ది. ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ లాంటి యాంటీవైరల్ మాత్రలు దద్దు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. బొబ్బలు త్వరగా ఎండుతాయి, నొప్పి తీవ్రత తగ్గుతుంది. రాయించుకునేందుకు రెండు రోజులు, తగ్గుతుందేమో చూద్దామని ఇంకో రెండు రోజులు.. అక్కడికే ఆ గడువు దాటిపోతుంది. అలాగని మూడు రోజులు దాటాయి కదా, ఇక ఎందుకులే అనుకోవద్దు. కొత్త బొబ్బలు ఇంకా వస్తుంటే అప్పుడు కూడా డాక్టర్లు మందు ఇస్తారు. మెడికల్ షాపులో క్రీమ్ కొనుక్కుని పూసుకుంటే సరిపోదు, ఈ జబ్బుకు పైపూత యాంటీవైరల్స్‌తో పెద్దగా ఉపయోగం లేదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు మాత్రల డోసు మార్చాల్సి ఉంటుంది కాబట్టి ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి.

నడుం చుట్టూ తిరిగి రెండు కొసలూ కలిస్తే ప్రాణం పోతుందని ఓ భయం ఉంది. అది నిజం కాదు. నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. నుదురు, కనురెప్ప, ముక్కు కొన మీద బొబ్బలు వస్తే కంటికి పాకి చూపు దెబ్బతినొచ్చు. అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించాలి. చెవి దగ్గర వస్తే ముఖంలో ఒకవైపు పక్షవాతం, వినికిడి లోపం రావొచ్చు. పాప్ సింగర్ జస్టిన్ బీబర్ 2022 జూన్‌లో తనకు వచ్చిందని వీడియోలో చెప్పిన రామ్‌సే హంట్ సిండ్రోమ్ ఇదే.

ఇక అన్నింటికంటే ఎక్కువమందిని ఏడిపించేది, బొబ్బలు మానాక కూడా పోని నరాల నొప్పి. షింగిల్స్ వచ్చినవాళ్లలో 10 నుంచి 18 శాతం మందికి ఇది నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అవకాశం ఎక్కువ. ఫ్యాన్ గాలి తగిలినా మంటే. ఇంట్లోవాళ్లకేమో చర్మం మామూలుగా కనిపిస్తుంది, 'ఇంకా నొప్పేంటి' అంటారు. దీనికి మామూలు పెయిన్ కిల్లర్లు సరిగా పనిచేయవు, నరాల నొప్పికి వేరే మందులు ఉంటాయి.

ఇంకో మాట. బొబ్బలకు ముందు నొప్పి ఎడమ ఛాతీలో వస్తే గుండెపోటు అనుకుని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. కంగారుపడటమే మంచిది, ఛాతీ నొప్పికి ముందు ఈసీజీ తీయించాల్సిందే.

ఒకరి నుంచి ఒకరికి అంటుతుందా?

అక్కి అక్కిగా అంటదు. అందుకే ఊళ్లో ఇది ఒక్కసారిగా ప్రబలే జబ్బు కాదు. కానీ బొబ్బల్లోని నీటి ద్వారా వైరస్ వ్యాపించి, ఇంతవరకూ ఆటలమ్మ రానివాళ్లకు ఆటలమ్మ రావొచ్చు. అంటే నానమ్మకు అక్కి వస్తే, టీకా వేయించుకోని మనవడికి ఆటలమ్మ పోయొచ్చు. చెక్కు కట్టేదాకా బొబ్బల మీద శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచాలి, టవల్ విడిగా పెట్టుకోవాలి, చేతులు కడుక్కోవాలి. ఆటలమ్మ రాని గర్భిణులు, నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లలు, కీమో తీసుకునేవాళ్లకు దూరంగా ఉండాలి.

టీకా ఉంది.. ధరే సమస్య

షింగ్రిక్స్ అనే టీకా 2023లో మన దేశంలో అందుబాటులోకి వచ్చింది. 50 ఏళ్లు దాటినవాళ్లకు రెండు డోసులు, రెండు నుంచి ఆరు నెలల గ్యాప్‌తో ఇస్తారు. ట్రయల్స్‌లో 50 ఏళ్లు దాటినవాళ్లలో 97 శాతం, 70 దాటినవాళ్లలో 90 శాతం దాకా రక్షణ కనిపించింది. ఇందులో బతికున్న వైరస్ ఉండదు. చెయ్యి నొప్పి, జ్వరం, నీరసం రెండు మూడు రోజులు ఉండొచ్చు. ఒకసారి అక్కి వచ్చి తగ్గినవాళ్లు కూడా వేయించుకోవచ్చు, ఎందుకంటే ఇది మళ్లీ వచ్చే అవకాశం ఉంది.

ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో ఇది లేదు. రెండు డోసులకు ఖర్చు వేలల్లోనే. పింఛను మీద బతికే పెద్దవాళ్లకు అది చిన్న మొత్తం కాదు, అందరూ వేయించుకోండి అని చెప్పేయడం తేలికే. షుగర్ లాంటి సమస్యలున్న అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే మాత్రం తర్వాతి చెకప్‌లో డాక్టర్‌ని ఒకసారి అడగండి. పిల్లలకు ఆటలమ్మ టీకా కూడా ప్రైవేట్‌లోనే వేయించాలి. అది వేయించుకున్న పిల్లలకు పెద్దయ్యాక అక్కి వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది.