తెర మీద భక్తి, వైరాగ్యం, మాయ

మీ ఇంట్లో తెలుగు సినిమా పెట్టినప్పుడు కింద ఇంగ్లీషు అక్షరాలు వేసుకునే చూస్తారు కదా? కథ తెలియడానికి అవి చాలు. ఎవరు ఎవర్ని కొట్టారు, ఎవరి పెళ్లి ఆగిపోయింది, అవన్నీ తెలిసిపోతాయి. కానీ భక్తి, వైరాగ్యం, మాయ లాంటి మాటలు వచ్చేసరికి ఆ అక్షరాలు చేతులెత్తేస్తాయి. వైరాగ్యం అన్నచోట 'డిటాచ్‌మెంట్' అని వేసి వెళ్లిపోతారు. ఆ మాట చదివితే మీకేమైనా అనిపించిందా? నాకైతే బట్టలకి పెట్టిన గుండీ ఊడినట్టు అనిపిస్తుంది, అంతే.

నేను ఇండియా నుంచి కాపెల్ వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. ఇక్కడి పిల్లలకి తెలుగు చెప్పడం మొదలుపెట్టాక ఒకటి గమనించాను. ఈ మాటలకి అర్థం చెబితే రాసుకుంటారు, మర్చిపోతారు. అదే ఒక మంచి నటుడి ముఖంలో చూపిస్తే మర్చిపోరు. అందుకే ఈ పాఠంలో నిఘంటువు పక్కన పెట్టి మూడు పాత సినిమాల్లోకి వెళ్దాం.

ముందు నటన గురించి రెండు ముక్కలు. మన పెద్దవాళ్లు నటనని 'అభినయం' అన్నారు. భరతుడి నాట్యశాస్త్రం ప్రకారం అది నాలుగు రకాలు. చేతులు, కాళ్లు, కళ్లు, మెడ కదిలించి చూపేది ఆంగికం. మాటతో, గొంతుతో చూపేది వాచికం. కిరీటం, చీర, నగలు, ముఖానికి వేసే రంగు ఆహార్యం. (ఆహారం కాదండోయ్! ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు ఇక్కడ అన్నం సంగతి ఎత్తుతారు.) నాలుగోది సాత్త్వికం. లోపల భావం నిజంగా పుడితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి, గొంతు పూడుకుపోతుంది, ఒళ్లు జలదరిస్తుంది. వీటిని తెచ్చిపెట్టుకోవడం కష్టం. మొదటి మూడూ ఎవరైనా సాధనతో నేర్చుకుంటారు. నాలుగోది వచ్చినవాళ్లనే మనం 'మహానటుడు', 'మహానటి' అంటాం.

ఇప్పుడు ప్రహ్లాదుడి కథ. తెలుగులో మాట్లాడిన మొట్టమొదటి సినిమా, 1932లో వచ్చింది, దాని పేరు 'భక్త ప్రహ్లాద'. హెచ్.ఎం. రెడ్డి తీశారు. అంటే మన సినిమాకి మాట వచ్చిన రోజే భక్తి గురించి మాట్లాడింది. కానీ మీరు చూడాల్సింది 1967లో ఏవీఎం వాళ్లు రంగుల్లో తీసిన 'భక్త ప్రహ్లాద'. చిత్రపు నారాయణమూర్తి దర్శకుడు. హిరణ్యకశిపుడుగా ఎస్.వి. రంగారావు, తల్లి లీలావతిగా అంజలీదేవి, నారదుడుగా సంగీత విద్వాంసుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ నటించారు. ప్రహ్లాదుడుగా వేసింది అబ్బాయి కాదు, రోజారమణి అనే చిన్న పాప. చెప్పకపోతే కనిపెట్టలేరు.

కథ మీకు తెలిసే ఉంటుంది. తండ్రికి విష్ణువంటే పగ. కొడుకు నోట ఎప్పుడూ విష్ణువు పేరే. తండ్రి ముద్దుగా అడుగుతాడు, గురువుగారి దగ్గర ఏం నేర్చుకున్నావు నాయనా అని. కొడుకు హరి గురించి చెప్తాడు. ఇలాంటి చోట రంగారావు ముఖం చూడండి. ఒక్కసారిగా కోపం రాదు. ముందు కొడుకుని చూసుకుని మురిసిపోయే నాన్న ఉంటాడు. ఆ పేరు వినగానే కళ్లలో ఏదో గుచ్చుకున్నట్టు అవుతుంది. తను విన్నది నిజం కాకపోతే బాగుండునన్న ఆశ కనబడుతుంది. గర్జన ఆ తర్వాత. చాలామంది ఆ గర్జననే గుర్తుపెట్టుకుంటారు. నా లెక్కలో గొప్పతనం దానికి ముందున్న ఆ రెండు మూడు క్షణాల్లోనే ఉంది.

మా తరగతిలో ఒక అమ్మాయి అడిగింది, "టీచర్, ఆయన విలన్ కదా, మరి ఏడుస్తాడేంటి?" అని. మంచి ప్రశ్న. ఇక్కడ సూపర్‌హీరో సినిమాల్లో విలన్ అంటే ఓడించాల్సినవాడు. మన పురాణంలో హిరణ్యకశిపుడి వెనకాల ఇంకో కథ ఉంది. వైకుంఠం వాకిట్లో జయుడు, విజయుడు అని ఇద్దరు కాపలాదారులు. సనకసనందనాదులనే మునులని లోపలికి రానివ్వకుండా ఆపారు. మునులు శపించారు. విష్ణువు జాలిపడి రెండు దారులు చూపించాడు: భక్తులుగా ఏడు జన్మలు, లేదా శత్రువులుగా మూడు జన్మలు. త్వరగా స్వామి దగ్గరికి తిరిగి రావచ్చని వాళ్లు శత్రుత్వమే కోరుకున్నారు. అలా మొదట హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, తర్వాత రావణ కుంభకర్ణులు, చివరికి శిశుపాల దంతవక్త్రులు అయ్యారు.

దీన్నే వైరభక్తి అంటారు. వైరం అంటే పగ. పగవాడు కూడా రాత్రీ పగలూ దేవుణ్ణే తలుచుకుంటాడు కదా! ప్రేమతో తలిచినా, కోపంతో తలిచినా మనసు ఆయన మీదే ఉంది. ఈ కథ తెలిశాక స్తంభం దగ్గరి సన్నివేశం మళ్లీ చూడండి. ఎక్కడరా నీ హరి అని రంగారావు నిలదీస్తుంటే అందులో కోపంతో పాటు ఒక వెతుకులాట కూడా వినిపిస్తుంది. చూడాలని ఉంది ఆయనకి. జీవితమంతా వెతికింది ఆ విష్ణువునే మరి.

ఇక్కడ ఒక భాష సంగతి. వైరం, వైరాగ్యం పక్కపక్కన రాస్తే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. కానీ చుట్టరికం లేదు. వైరం పగ. వైరాగ్యం విరాగం నుంచి వచ్చింది. రాగం అంటే మమకారం, ఆశ, అతుక్కుపోవడం. ఆ రాగం లేకపోవడం వైరాగ్యం. పాట పాడేటప్పుడు మనం చెప్పుకునే రాగం కూడా ఇదే మాట. మనసుకి రంగు పూసేది అన్నమాట.

వైరాగ్యాన్ని చూపించిన నటుడు చిత్తూరు నాగయ్య. పోతన, త్యాగయ్య, వేమన ముగ్గురూ తెర మీద ఆయనే. త్యాగయ్య సినిమాకి (1946) దర్శకుడు కూడా ఆయనే. మనం చూడాల్సింది కె.వి. రెడ్డి తీసిన 'యోగి వేమన' (1947). మీరు బట్టీ పట్టే పద్యాల వేమన పుట్టుకతోనే యోగి అనుకుంటున్నారేమో. ఈ సినిమాలో ఆయన మొదట భోగి. ఒక వేశ్య మీద మోజు, తర్వాత బంగారం తయారుచేయాలనే పిచ్చి. ఇంట్లో అన్నగారి కూతురు, జ్యోతి అనే చిన్నపిల్ల, ఆయనకి ప్రాణం. ఆ పిల్ల చచ్చిపోతుంది. బంగారం చేతికి వచ్చినా ఇవ్వడానికి పిల్ల లేదు.

శ్మశానంలో నాగయ్యని చూడండి. గుండెలు బాదుకోవడం లేదు. గొంతు పెద్దది చేయడం లేదు. ఆయన పాటలు ఆయనే పాడుకునేవారు కాబట్టి మాట ఎక్కడ ఆగిందో, పాట ఎక్కడ మొదలైందో తెలియదు. ఒక మనిషి చేతిలోంచి ప్రపంచం మెల్లగా జారిపోతుంటే మనం పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. అది వైరాగ్యం. లోకం మీద విసుగు కాదు, బద్ధకం అసలే కాదు. దేనికోసం ఇంతకాలం పరుగెత్తానో అది నాది కాదని తెలిసిపోవడం. సినిమా నలుపు తెలుపుల్లో, నెమ్మదిగా ఉంటుంది. పది నిమిషాలు ఓపిక పట్టండి, ఫోన్ అవతల పెట్టి.

ఇక మాయ. దీనికి 'మాయాబజార్' (1957) కన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. ఇదీ కె.వి. రెడ్డిదే. ఘటోత్కచుడు (మళ్లీ రంగారావే) శశిరేఖ రూపం వేసుకుని ఆమె ఇంట్లో తిరుగుతాడు. శశిరేఖ సావిత్రి. అంటే సావిత్రి ఇప్పుడు, ఆడపిల్లలా నటిస్తున్న ఒక రాక్షసుడిలా నటించాలి! ఎవరైనా వస్తే తల దించి సిగ్గుపడుతుంది. వాళ్లు అటు తిరగగానే భుజాలు విరుచుకుని, కాళ్లు ఎడంగా వేసి మగవాడిలా నడుస్తుంది. పెళ్లి ముచ్చట మీద వచ్చే పాటలో మధ్యమధ్య ఘంటసాల గొంతు వస్తుంది, మిగతాది సుశీల గొంతు. రెండు గొంతులకీ ఒకే ముఖం పెదవులు కలుపుతుంది. 2018లో వచ్చిన 'మహానటి' మీలో చాలామంది చూసే ఉంటారు. కీర్తి సురేష్ కూడా అందులో ఆ పాటకి అభినయించింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఆ సినిమాలోనే ప్రియదర్శిని అనే పెట్టె ఉంటుంది. మూత తీస్తే మీ ల్యాప్‌టాప్ లాగే ఉంటుంది. ఎవరు చూస్తే వాళ్లకి ప్రియమైనది కనిపిస్తుంది. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలూ సంపదలూ, శశిరేఖకి అభిమన్యుడు. కృష్ణుడి వంతు వచ్చేసరికి శకుని! అందరూ తెల్లబోతారు. ఎన్.టి. రామారావు మాత్రం చిరునవ్వు నవ్వుతాడు. నవ్వుల సన్నివేశమే కానీ మాయ అంటే ఏమిటో ఇంత సులువుగా చెప్పినవాళ్లు తక్కువ. ఎదురుగా ఉన్న పెట్టె ఒక్కటే. ఎవరి మనసు వాళ్లకి అందులో కనబడుతోంది.

ఈ తరహా సినిమాలు తర్వాత కూడా వచ్చాయి. 'శంకరాభరణం' (1980) లో జె.వి. సోమయాజులు, 'అన్నమయ్య' (1997) లో నాగార్జున. వాటికి వేరే పాఠం కావాలి. ఈమధ్య వచ్చేవాటిలో దేవుడు కనబడగానే గాలి, మెరుపులు, చెవులు పగిలే సంగీతం. ఆహార్యం బ్రహ్మాండం, సాత్త్వికం వెతుక్కోవాలి. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకోకపోతే ఎందుకో రాయండి, తెలుగులోనే.

ఈ వారం పని: పైన చెప్పిన మూడు సన్నివేశాల్లో ఒకటి ఎంచుకోండి. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి శబ్దం ఆపేసి చూడండి. మూడోసారి కళ్లు మూసుకుని వినండి. ఏ అభినయం ఎక్కడ దొరికిందో ఆరు వాక్యాల్లో రాయండి. అమ్మమ్మనో తాతయ్యనో ఫోన్లో అడగండి, వాళ్లు ఆ సినిమా ఎక్కడ, ఎవరితో చూశారో. వాళ్లు చెప్పిన మాటల్లో మీకు కొత్తవి రెండు ఏరి, వాక్యాల కింద రాసి తీసుకురండి. అర్థం తెలియకపోయినా పర్వాలేదు, తరగతిలో అందరం కలిసి చూద్దాం.