డచ్చివారును స్పెయిను రాజును

విశాఖపట్టణమునకు చేరువనున్న భీమునిపట్టణమున డచ్చివారి సమాధులు నేటికిని కానవచ్చును. ఓడలపై వచ్చి మన తీరమున బట్టల వర్తకము సాగించిన ఆ జాతివారు 17వ శతాబ్దిలో ఐరోపాఖండమున మిక్కిలి ధనవంతులుగా పేరొందిరి. కాని వారి తాతల కాలమున వారి దేశము వారిది కాదు. ఎక్కడనో దూరముననున్న స్పెయిను రాజు దానిని ఏలుచుండెను. ఆ రాజునకును ఆ ప్రజలకును నడుమ మతము కారణముగా పుట్టిన కలత ఎనుబది సంవత్సరముల యుద్ధముగా పెరిగినది.

నెదర్లాండ్సు అనగా పల్లపు భూములని అర్థము. ఆ దేశమున కొంతభాగము సముద్రమట్టముకంటె దిగువన ఉండుటచే జనులు కట్టలు పోసి, తూములు పెట్టి, నీటిని వెలుపలికి తోడి బ్రదుకుచుండిరి. 16వ శతాబ్ది నడుమ అందు 17 రాష్ట్రములుండెను. నేటి నెదర్లాండ్సు, బెల్జియము, లక్సెంబర్గు దేశములు చాలవరకు వాని నుండి ఏర్పడినవే. ప్రతి పట్టణమునకును పూర్వపు ప్రభువులు వ్రాసియిచ్చిన హక్కుల పత్రములుండెను. ప్రతినిధిసభలు సమ్మతింపనిదే రాజు క్రొత్త పన్ను వేయరాదు. పౌరుని తన ఊరి న్యాయాధిపతులే విచారింపవలెను. ఈ హక్కులను కాపాడెదనని ప్రమాణము చేసిన పిదపనే ప్రజలు రాజును అంగీకరించువారు.

1500లో ఘెంట్ నగరమున పుట్టిన ఛార్లెస్ చక్రవర్తిని జనులు తమవానిగానే భావించిరి. 1555 అక్టోబరు 25న బ్రస్సెల్సు నగరమున నిండుసభలో ఆయన రాజ్యమును కుమారుడైన ఫిలిప్పునకు అప్పగించెను. నాడు వృద్ధచక్రవర్తి ఇరువదిరెండేండ్ల యువకుని భుజముపై చేయి వేసి నిలిచెను. ఆ యువకుడే ఆరెంజ్ ప్రభువు విలియము. ఫిలిప్పునకు ఆ దేశభాష రాదు. ఆయన కొన్ని మాటలు పలికి, తక్కిన ఉపన్యాసమును ఒక బిషప్పుచే చెప్పించెను. 1559లో స్పెయినునకు వెడలి, మరల ఆ దేశమున అడుగుపెట్టలేదు.

అప్పటికి లూథరు, కాల్విను అనువారి బోధలు ఆ పట్టణములలో వ్యాపించియుండెను. రోమను కాథలిక్ మతమును విడిచి ఈ బోధలను అనుసరించినవారిని ప్రొటెస్టంటులందురు. ఛార్లెస్ కాలముననే వారిపై కఠినశాసనములు పుట్టినవి. 1523లో బ్రస్సెల్సున ఇద్దరు సన్యాసులను సజీవదహనము చేసిరి. 1550 నాటి శాసనము ప్రకారము నిషిద్ధగ్రంథమును దాచుకొనుటయు మరణదండనకు తగిన నేరమే. పశ్చాత్తాపపడిన పురుషునకు కత్తి, స్త్రీకి సజీవసమాధి, పట్టు విడువనివారికి అగ్ని. నేరమును తెలిపినవానికి దోషి ఆస్తిలో భాగము ముట్టుచుండెను.

ఒక సంగతి ఇచట గమనింపదగియున్నది. ఈ శాసనములను ఏవగించుకొన్నవారు ప్రొటెస్టంటులు మాత్రమే కారు. పట్టణాధికారులలో పెక్కురు కాథలిక్కులైనను, తమ ఇరుగుపొరుగువారిని మంటలలో వేయుటకు వెనుదీసిరి. రాజు పంపిన విచారణకర్తలు వచ్చి తమ పౌరులను పట్టుకొనుట పూర్వపు హక్కులకు భంగమని వాదించిరి. విలియమును నాడు కాథలిక్కే. మనుష్యుల అంతరాత్మపై ప్రభువులు అధికారము చెలాయించుటను తాను ఒప్పుకొనజాలనని ఆయన 1564 చివర రాజసభలో పలికెను. ఫిలిప్పు వినలేదు. శాసనములను సడలింప వీలులేదని 1565 అక్టోబరులో ఆయన వ్రాసిన లేఖలు దేశమునెల్ల కలవరపెట్టెను. మతభ్రష్టులకు రాజగుటకంటె రాజ్యములను పోగొట్టుకొనుటయే మేలని ఆయన నమ్మకము. ఆ నమ్మకమున కపటము లేదు. ప్రజలకు సంకటము తెచ్చిపెట్టినదియు అదియే.

1566 ఏప్రిలులో కొన్ని వందల ప్రభువులు రాజప్రతినిధియగు మార్గరెట్టునకు విన్నపమిచ్చిరి. ఆమె కొలువువాడొకడు వారిని బిచ్చగాండ్రని ఈసడించెనట. వారు దానినే బిరుదుగా ధరించి, భిక్షాపాత్రలను చిహ్నముగా పెట్టుకొనిరి. ఆ యేట ధాన్యపు ధర మండిపోవుచుండెను. ఆకలియు ఆగ్రహమును కలిసెను. ఆగస్టులో కొన్ని మూకలు చర్చీలలో చొరబడి విగ్రహములను పగులగొట్టి, చిత్రపటములను చించివేసెను. అంతరాత్మకు స్వేచ్ఛ కోరువారు పరుల పూజాస్థానములను పాడుచేయుట న్యాయము కాదు. దానివలన వారికి మేలును కలుగలేదు.

1567లో ఫిలిప్పు ఆల్వా ప్రభువును సుమారు 10,000 సైన్యముతో పంపెను. ఆల్వా ఏర్పరచిన న్యాయస్థానమును జనులు రక్తసభ అనిరి. అది వేలకొలది జనులను దోషులుగా నిర్ణయించి, వేయిమందికి పైగా చంపించెను. ఫిలిప్పునకు రెండు యుద్ధములలో విజయము తెచ్చిన ఎగ్మంట్ ప్రభువును, హోర్న్ ప్రభువును 1568 జూన్ 5న బ్రస్సెల్సు నడివీధిలో శిరచ్ఛేదము పొందిరి. వారిద్దరును కాథలిక్కులే.

ఆ దినములలోనిదే డిర్క్ విల్లెమ్స్ కథ. అతడు ఆస్పరెన్ అను చిన్న ఊరివాడు, ఆయుధము పట్టని అనాబాప్టిస్టు శాఖకు చెందినవాడు. 1569లో చెరనుండి తప్పించుకొని, గడ్డకట్టిన నీటిపై పరుగెత్తి ఆవలియొడ్డు చేరెను. వెంటాడిన భటుని క్రింద మంచు విరిగినది. విల్లెమ్స్ వెనుదిరిగి వానిని పైకి లాగెను. ప్రాణము దక్కిన భటుడు అతనిని విడువగోరినను అధికారి ఒప్పుకొనలేదు. మే 16న విల్లెమ్సును దహించిరి.

అమ్మకములపై పదియవ వంతు పన్ను వేయ ఆల్వా యత్నించుటతో వర్తకులును ఎదురుతిరిగిరి. 1572 ఏప్రిల్ 1న సముద్రపు బిచ్చగాండ్రనబడు ఓడల తిరుగుబాటుదారులు బ్రీల్ రేవును పట్టుకొనిరి. హాలండులోని ఊళ్ళు ఒక్కొక్కటిగా విలియము పక్షము చేరెను. అదే బ్రీల్ నగరమున జూలైలో వారు 19మంది కాథలిక్ మతగురువులను ఉరితీసిరి. క్రూరత్వము ఒక పక్షముననే లేదు.

1574 మే నెలలో స్పెయిను సైన్యము లైడెన్ నగరమును రెండవమారు ముట్టడించెను. మొదటి ముట్టడి తొలగిన తరువాత పౌరులు తగినంత ధాన్యమును చేర్చుకొనలేదు. శత్రువు మరల రాడనుకొనిరి. వేసవి గడచునప్పటికి కుక్కలను, ఎలుకలను తినవలసివచ్చెను. ఆకలిచేతను, తెగులుచేతను వేలకొలది జనులు మరణించిరి. నగరాధ్యక్షుడు వాన్ డెర్ వెర్ఫ్ తన దేహమునైన తినుడుగాని నగరమును అప్పగింపనని పలికెనని చెప్పుదురు. విలియము పావురములచే జాబులు పంపుచు, ఆగస్టులో సముద్రపు కట్టలను తెగగొట్టించెను. తరతరములుగా నీటిని వెలుపల నిలిపినవారు ఆ నీటినే లోనికి పిలిచిరి. పచ్చని పొలములు మునిగినవి. రైతుల కష్టము వర్ణింపరానిది. అయినను నీరు చాలలేదు. అడుగు చదునైన పడవలు వారములకొలది బురదలో నిలిచిపోయెను. కడకు పెనుగాలి వీచి సముద్రమును పొలములపైకి త్రోసినది. అక్టోబరు 3న పడవలు రొట్టెతోను, ఉప్పుచేపలతోను నగరమున ప్రవేశించెను. నేటికిని లైడెన్ ప్రజలు ఆ దినమున అవియే పంచుకొందురు.

మరుసటియేట అచట విశ్వవిద్యాలయము వెలసెను. దాని స్థాపనపత్రము ఫిలిప్పు పేరనే వ్రాయబడుట విచిత్రము. తాము పోరునది దుర్మంత్రులతో గాని రాజుతో కాదని వారింకను చెప్పుకొనుచుండిరి. ఆ ముసుగు 1581 జూలై 26న తొలగినది. ప్రజలు రాజుకొరకు సృష్టింపబడలేదనియు, రాజే ప్రజలకొరకనియు ప్రకటించి, ప్రతినిధులు ఫిలిప్పును త్యజించిరి. మూడేండ్లకు విలియమును డెల్ఫ్టు నగరమున ఒక హంతకుడు తుపాకితో కాల్చి చంపెను.

1648లో స్పెయిను ఉత్తరరాష్ట్రముల స్వాతంత్ర్యమును అంగీకరించినది. మతము కారణముగా ఎవ్వరిని విచారింపరాదని ఆ రాష్ట్రములు 1579లోనే ఒడంబడికలో వ్రాసికొనియుండెను. వానిలో కాథలిక్కులను ఎవ్వరును దహింపలేదు. కాని బహిరంగముగా పూజ చేసికొననీయలేదు. ఆమ్‌స్టర్‌డామున ఒక వర్తకుడు 1663లో తన ఇంటి పైయంతస్తులలో కాథలిక్ చర్చి కట్టించెను. వీధినుండి చూచువారికి అది మామూలు ఇల్లే. అధికారులకు ఈ సంగతి తెలియును, తెలిసియు తెలియనట్లుండిరి. ఆ ఇల్లు నేడొక ప్రదర్శనశాల.