వైర్‌లెస్ స్విచ్: కొత్త పెట్టెలు కొనేముందు చూడవలసినవి

శీతల కేంద్రాలలో వై-ఫై మందగించినపుడు పాలకవర్గాల తీర్మానాలలో తరచు కనిపించే మాట ఒకటే: మరో రెండు పెట్టెలు కొనవలెనని. పెట్టెలు పెరిగిన తరువాత వేగం ఇంకా తగ్గిన చోట్లు కూడ తనిఖీలో కనబడుతున్నవి. సంఘం సొమ్మంటే సభ్యుల పాలడబ్బే. పైగా ఉదయం పూట వెన్నశాతం లెక్కలు సకాలంలో పైకి చేరకపోతే ఆలస్యమయ్యేది ఉత్పత్తిదారుల బిల్లులు. అందుచేత ఇప్పటికే ఉన్న వైర్‌లెస్ స్విచ్ ఏమి చేయగలదో కార్యదర్శులు తెలుసుకొనుట మంచిది.

గోడకు బిగించే రేడియో పెట్టెను ఆక్సెస్ పాయింట్ అంటారు. అటువంటివి నాలుగైదు ఉన్నచోట అన్నిటినీ ఒకచోటి నుండి నడిపించేది వైర్‌లెస్ స్విచ్. దీనినే కంట్రోలర్ అని కూడ అంటున్నారు. ఏ పెట్టె ఏ చానెల్‌లో, ఎంత శక్తితో పలకాలో, ఎవరికెంత వాటా ఇవ్వాలో ఇది చూస్తుంది.

ఒక చానెల్ అంటే ఒకే కాటా ఉన్న పాలకేంద్రం వంటిది. సామాన్యంగా ఒకసారి ఒకరే పలకాలి, మిగిలినవారు ఆగాలి. మన దేశంలో 2005లో లైసెన్సు అవసరం లేకుండా వదిలిన 2400-2483.5 మెగాహెర్ట్జ్ పట్టీలో 13 చానెళ్ళున్నవి. కాని వాటి మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒక్కొక్కటి ఆక్రమించేది సుమారు 20. కనుక ఒకదానిపై ఒకటి పడకుండ సాధారణంగా 1, 6, 11 అనే మూడింటినే వాడతారు. దగ్గరదగ్గరగా నాలుగో పెట్టె తగిలిస్తే అది ఈ మూటిలో ఒకదానితో పంచుకోవలసినదే. 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో విశాలమైన జాగా వదిలారు. అక్కడ రద్దీ తక్కువ, గోడలు దాటే బలం కూడ తక్కువే. రెండు పట్టీలూ తెలిసిన ఫోను వస్తే దానిని 5 వైపు మళ్ళించే ఏర్పాటు స్విచ్‌లో ఉంటుంది.

శక్తిని నిండుగా పెడితే దూరం పోతుందనుకోవడం పొరపాటు. పెట్టె పలుకు దూరాన ఉన్న ఫోనుకు వినబడుతుంది గాని, ఫోనుకున్న కొద్దిపాటి శక్తితో దాని జవాబు పెట్టెకు చేరదు. పక్క పెట్టెలకు అడ్డంకి అదనం. శక్తిని తగినంతకు తగ్గించే పనిని స్విచ్‌కే వదలండి. ఐతే ఉక్కు ట్యాంకులు రేడియో తరంగాలను తిప్పికొడతాయి. రేకులు తాపిన శీతల గదిలోకి అవి సరిగా పోనే పోవు. అక్కడ మాత్రం లోపల ఒక పెట్టె పెట్టవలసినదే.

అసలు కిటుకు కాలం వాటాలో ఉన్నది. 1500 బైట్ల సమాచారపు మూట అంటే 12,000 బిట్లు. సెకండుకు 1 మెగాబిట్ వేగంతో పంపితే 12 మిల్లీసెకండ్లు పడుతుంది, 54 మెగాబిట్లతో ఐతే పావు మిల్లీసెకండు కూడ పట్టదు. ఇద్దరికీ వంతుకొక మూట చొప్పున ఇస్తే, మూల నుండి నత్తనడకన పలికే ఒక్క పాత ఫోను కోసం కేంద్రమంతా వేచి ఉండాలి. మూటలు లెక్కించక కాలాన్ని సమంగా పంచే సౌకర్యం చాలా స్విచ్‌లలో ఉన్నది. దానిని తెరిపించండి. 1997 నాటి 1, 2 మెగాబిట్ల వేగాలను మూసివేయడం కూడ మంచిదే. కాని 11 వరకు ఉన్న పాత వేగాలన్నీ మూసేస్తే కొన్ని పాత యంత్రాలు అసలు కలవవు. ముందు మీ పాల పరీక్ష యంత్రం రేడియో ఏ కాలానిదో చూసుకోండి.

కొన్ని కేంద్రాలలో కార్యాలయానికొక పేరు, సిబ్బందికొక పేరు, అతిథులకొకటి, క్యాంటీనుకొకటి! ఎవరూ వాడకపోయినా ప్రతి పేరునూ ప్రతి పెట్టె సెకండుకు సుమారు పదిసార్లు, అదీ నిదానపు వేగంతో చాటుతుంది. రెండు మూడు పేర్లు చాలును.

అతిథుల వీడియోలకు ఒక్కొక్కరికి ఇంతే అని హద్దు పెట్టవచ్చును. మాట, వీడియో, మామూలు పని, వెనుకపని అనే నాలుగు తరగతులలో దేనికి ముందు దారి ఇవ్వాలో కూడ నిర్ణయించవచ్చును. ఐతే బయటి లైనే సన్నగా ఉంటే ఇవేవీ దానిని లావు చేయలేవు. ఒక కంప్యూటరును తీగతో కలిపి వేగం చూడండి. అక్కడా మందమే ఐతే ఫిర్యాదు చేయవలసినది లైను ఇచ్చిన వారికి.

కొటేషన్లు పిలిచేటపుడు పెట్టెకింత అని ఏటేటా లైసెన్సు రుసుము ఉన్నదేమో రాతపూర్వకంగా అడగండి. కొన్ని తయారీలకు ఉంటుంది. స్విచ్ పాస్‌వర్డు సరఫరాదారు వద్దనే ఉండిపోయిన చోట పై మార్పులేవీ సంఘం స్వయంగా చేసుకోలేదు. బిల్లు చెల్లించేముందే దానిని తీసుకొని, అధ్యక్షుని సంతకంతో కవరులో సీలుచేసి, ఆ సంగతి స్టాకు రిజిస్టరులో నమోదు చేయండి.