పక్షవాతము: వైద్యుల శిక్షణ

పక్షవాతము దైవశాపము కాదు. గాలి సోకుటవలన వచ్చునదియు కాదు. మెదడునకు రక్తమును గొనిపోవు నాళము మూసికొనిపోయినను, చిట్లినను ఈ వ్యాధి కలుగును. పెద్ద నాళము మూసికొనిపోయినపుడు నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టియున్నారు.

నాళమున అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించు సూదిమందు కలదు. దానిని సాధారణముగా వ్యాధి మొదలైన నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. అయితే నాళము చిట్లిన రోగికి ఇదే మందు ప్రాణాపాయము. ఈ రెండింటి భేదము పైకి కానరాదు, సి.టి. స్కాన్ పరీక్షవలననే తేలును. ఆ చిత్రమును చూచి నిర్ణయింపగల వైద్యుడు లేనిచో యంత్రమున్నను, మందున్నను ఫలము లేదు.

వర్ధమాన దేశములలో నరముల వ్యాధుల నిపుణులు మిక్కిలి తక్కువ. ఉన్నవారిలో అధికులు పెద్ద నగరములందే యున్నారు. మరి కొండప్రాంతపు రోగి గతి యేమి? ఈ ప్రశ్నకు హిమాచల ప్రదేశము ఒక సమాధానము చూపినది. 2014లో అచట, సి.టి. యంత్రములు గల ఆసుపత్రులలో పనిచేయుచు నరముల నిపుణులు కాని వైద్యులకు ఈ చికిత్సయందు శిక్షణ యిచ్చిరి. ప్రభుత్వము సూదిమందును ఉచితముగా సమకూర్చినది. స్థానిక వైద్యుడు రోగిని పరీక్షించుట, మెదడు చిత్రమును సెల్‌ఫోనుద్వారా సిమ్లా, టాండా వైద్య కళాశాలల నిపుణులకు పంపుట, వారి సలహాపై అక్కడనే మందు నిచ్చుట ఇందలి పద్ధతి. రోగి కొండదారులు దిగి పోనక్కరలేక, నిపుణుని జ్ఞానమే రోగికడకు వచ్చినది.

చికిత్సతోపాటు వైద్యులు పరిశోధనయు నేర్వవలెను. మన దేశమున 31 కేంద్రముల వైద్యులు కలిసి, పక్షవాతమునకు గురియైన 4,298 మందిని రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు 12 భాషలలో సిద్ధపరచిన ఆరోగ్యబోధను అదనముగా అందించి చూచిరి. ఫలితము 2023లో వెలువడినది. బోధవలన అలవాట్లును, మందులు వాడు క్రమమును బాగుపడినవి; కాని ఏడాదిలోపల వ్యాధి మరల వచ్చుట తగ్గలేదు. మేలనిపించిన దానినైనను పరీక్షించియే నమ్మవలెనని ఇట్టి పరిశోధన నేర్పుచున్నది.

వైద్యుడెంత నేర్చినను, రోగి సకాలమున రానిచో ఆ నేర్పు వ్యర్థము. హఠాత్తుగా మూతి వంకరపోయినను, ఒక ప్రక్క చేయిగాని కాలుగాని పడిపోయినను, మాట తడబడినను నాటుమందులకై తిరుగరాదు; నోట ఏమియు పోయరాదు. 108కి ఫోను చేసి, సి.టి. స్కాన్ గల ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. వ్యాధి ఏ వేళ మొదలైనదో గుర్తుంచుకొని వైద్యునికి తప్పక చెప్పవలెను.