యూరియా కరువులో బస్తా ధరెంత? బిల్లేది?

2025 ఆగస్టు, సెప్టెంబరు నెలలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ ఏడాది జూలై ఆఖరుకే సాగర్ నిండి గేట్లు ఎత్తారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు, మూసీ, శ్రీరాంసాగర్ నీళ్లున్న సూర్యాపేట వైపు నాట్లు జోరుగా పడ్డాయి. నీళ్లొచ్చాయి, నారు పోశారు, నాట్లయ్యాయి. యూరియా మాత్రం లేదు. సొసైటీల ముందు తెల్లవారకముందే చెప్పులు, పాస్ పుస్తకాలు, ఆధార్ జిరాక్సులు వరుసలో పెట్టి మనుషులు చెట్ల నీడన కూర్చున్నారు. లారీ వచ్చిందంటే ఊరంతా పరుగు. సొసైటీలో దొరకని బస్తా ప్రైవేటు దుకాణం వెనక గదిలో దొరికింది. కాకపోతే దాని ధర సంచి మీద అచ్చయిన ధర కాదు.

కొరత ఎందుకొచ్చిందో రెండు మాటల్లో చెప్పుకుందాం. దేశంలో ఏటా తయారయ్యే యూరియా సుమారు 300 లక్షల టన్నులు. వాడకం అంతకు ఎన్నో లక్షల టన్నులు ఎక్కువ. ఆ తేడా ఓడల మీద రావాలి. ఆ ఏడాది దిగుమతులు ఆలస్యమయ్యాయి. మనకు దగ్గరలోని రామగుండం కర్మాగారం కూడా మధ్యమధ్య ఆగింది. వానలు బాగుండి వరి, మొక్కజొన్న విస్తీర్ణం పెరిగింది. ఇంకో పాత కారణమూ ఉంది. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద నియంత్రణ ఎత్తేశారు, యూరియా మీద ఎత్తలేదు. అప్పటి నుంచి రైతు చేయి చవకగా ఉన్న సంచి మీదికే పోతోంది. అందులో రైతు తప్పేముంది?

ఇక ధర సంగతి. వేపపూత పూసిన 45 కిలోల యూరియా బస్తా ధర పన్నులతో కలిపి 266 రూపాయల 50 పైసలు. మిగతా ఖర్చంతా సబ్సిడీగా కేంద్రమే భరిస్తుంది. కొరత రోజుల్లో ఇదే బస్తాను 350కి, 400కి అమ్మారు. కొన్నిచోట్ల ఇంకా పైకి పోయింది. అడిగితే దుకాణదారు చెప్పే జవాబు అందరికీ తెలిసిందే: "హమాలీ, కిరాయి పడుతుంది. ఇష్టమైతే తీసుకో, లేకుంటే లేదు."

ఇక్కడ రైతు లెక్క ఎలా ఉంటుందో చూడండి. ఎకరాకు రెండు బస్తాలు అనుకుంటే 400 చొప్పున అదనంగా పోయేది 267 రూపాయలు. 2025-26లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే పోయింది పదకొండు కిలోల వడ్లు. అదే పిలకల దశలో నత్రజని అందక ఎకరాకు డెబ్బై అయిదు కిలోల బస్తా ఒక్కటి తగ్గినా నష్టం 1,775 రూపాయల పైమాటే. అందుకే రైతు పళ్లు కొరుక్కుంటూ కొంటాడు. అమ్మేవాడికీ ఈ లెక్క తెలుసు, తెలుసు కాబట్టే అంత అడుగుతాడు. "ఎక్కువ ధరకు కొనవద్దు" అని సలహా చెప్పడం తేలిక. పచ్చదనం చచ్చి పసుపు తిరుగుతున్న మడి గట్టున నిలబడ్డవాడికి ఆ సలహా పనికిరాదు. కొనక తప్పనప్పుడు ఎంత కొనాలి, దేనితో కలిపి కొనకూడదు, ఏది అడిగి తీసుకోవాలి అన్నవి తెలియాలి.

అసలు ఎంత కావాలి?

వానాకాలం వరికి మన నేలల్లో ఎకరాకు 40 నుంచి 48 కిలోల నత్రజని చాలునని శాస్త్రవేత్తల సిఫార్సు. యూరియా బస్తాలో ఉండే నత్రజని 20.7 కిలోలు. దమ్ములో ఒక బస్తా డి.ఎ.పి. వేసి ఉంటే అందులోనే 9 కిలోలు పడ్డట్టు. మిగిలిన దానికి పై లెక్క ప్రకారం చూసినా రెండు బస్తాలు దాటవు. మూడు, నాలుగు బస్తాలు వేసే అలవాటు మనకుంది. పక్క మడి ముదురాకుపచ్చగా కనబడితే మనకు నిద్ర పట్టదు గదా! ఆ ముదురు రంగు వెనకే సుడిదోమ, అగ్గితెగులు, మెడవిరుపు వస్తాయి. వాటి మందుల ఖర్చు మళ్లీ అదే దుకాణానికి.

ఉన్న కాస్త యూరియాను నిలబెట్టుకునే పాత పద్ధతులు కొరతలో బాగా అక్కరకొస్తాయి. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి గాని, 250 కిలోల తేమ మట్టి గాని కలిపి రెండు రోజులు ఉంచి చల్లాలి. చల్లేముందు మడిలో నీరు తీసేయాలి. బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టాలి. నిండు నీటిలో చల్లితే సగం కాల్వపాలు, గాలిపాలు. మొత్తం ఒకేసారి వేయకుండా దమ్ములో, దుబ్బు చేసేటప్పుడు, అంకురం దశలో మూడు దఫాలుగా వేయాలి. కాబట్టి లారీ వచ్చిన రోజే నాలుగు బస్తాలు తెచ్చి ఇంట్లో పేర్చుకునే పని లేదు. మీరు పేర్చుకున్న రెండో విడత బస్తా, వరుసలో మీ వెనక నిలబడ్డవాడి మొదటి విడత బస్తా.

అంటగట్టే సరుకు

కొరతలో అసలు దోపిడీ ధరలో కన్నా ఇక్కడే ఎక్కువ. "రెండు బస్తాలిస్తాను, రెండు నానో సీసాలు తీసుకోవాలి" అంటారు. లేదా గంధకం పొట్లం, గుళికల సంచి, పేరు వినని టానిక్కు. అర లీటరు నానో యూరియా సీసా 225 రూపాయలు. రెండు సీసాలంటే 450. పైన చెప్పిన 267 కలిపితే 717 రూపాయలు. పదకొండు కిలోల వడ్లు కాస్తా ముప్పై కిలోలయ్యాయి.

నానో సీసా బస్తాకు సాటి అవుతుందా? 2021లో వచ్చిన మొదటి రకం సీసాలో ఉన్న నత్రజని 20 గ్రాములు. తర్వాత వచ్చిన రకంలో ఎక్కువ ఉన్నా గ్రాముల లెక్కే. బస్తాలో కిలోలు. ఆకు మీద పిచికారీ చేస్తే బాగా ఒంటబడుతుందని కంపెనీల వాదన. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాల్లో పరీక్షిస్తే వరి, గోధుమ దిగుబడులు తగ్గాయి. నమ్మకమున్నవారు ఒక మడిలో వాడి చూడవచ్చు. నేలకు వేసే యూరియా మానేసి దాని మీదే ఆధారపడితే మాత్రం చిక్కే. ఆకు పాలిపోయి, బస్తా దొరకడానికి ఇంకో వారం పట్టేలా ఉంటే, ఇంట్లో ఉన్న మామూలు యూరియానే లీటరు నీటికి 20 గ్రాములు కలిపి పిచికారీ చేయండి. ఎకరాకు 200 లీటర్లకు పట్టేది నాలుగు కిలోలు. అందులో నత్రజని దాదాపు 1,840 గ్రాములు.

అంటగట్టేవన్నీ పనికిరానివని కాదు. జింకు లోపమున్న మడికి జింకు సల్ఫేటు కావలసిందే (డి.ఎ.పి.తో కలిపి మాత్రం వేయరాదు). కావాలో వద్దో మీ మడి చెప్పాలి, దుకాణదారు కాదు.

యూరియా లేదని పైపాటుగా 20-20-0-13 వేసేవారున్నారు. 2025లో ఆ బస్తా సుమారు 1,300 రూపాయలు. అందులో నత్రజని 10 కిలోలు. నత్రజని కోసమే కొంటే కిలో 130 రూపాయలు పడుతుంది. యూరియాలో అసలు ధరకు కిలో నత్రజని 13 రూపాయల లోపు, 400కి కొన్నా 20 లోపే. పైగా ముదిరిన పైరుకు భాస్వరం పైన చల్లితే పెద్దగా ఉపయోగం లేదు. దొరికితే అమ్మోనియం సల్ఫేటు నయం. నత్రజని 20.5 శాతమే అయినా గంధకం కూడా అందుతుంది.

బిల్లు అడగండి

1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ప్రతి డీలరూ నిల్వలు, ధరలు అందరికీ కనబడేలా బోర్డు మీద రాయాలి, అమ్మిన సరుకుకు రశీదు ఇవ్వాలి. అచ్చయిన ధర కంటే ఎక్కువ తీసుకుంటే 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం కింద నేరం. శిక్ష మూడు నెలల నుంచి ఏడేళ్ల దాకా ఉంది.

వేలిముద్ర మిషను చీటీ కూడా అడిగి తీసుకోండి. మీకిచ్చింది రెండు బస్తాలైతే చీటీలో రెండే ఉన్నాయా, అయిదున్నాయా? ఎక్కువ రాస్తే ఆ మూడు బస్తాలు మీ పేరు మీద ఇంకెక్కడికో పోయినట్టు. సబ్సిడీ యూరియాను ప్లైవుడ్ జిగురు వంటి పరిశ్రమలకు మళ్లించడం పాత సంగతే. 2015 నుంచి వేపపూత తప్పనిసరి చేయడానికి అదీ ఒక కారణం. కోదాడ వంటి సరిహద్దు ప్రాంతంలో ఈ చీటీ ఇంకా ముఖ్యం. కేటాయింపులు రాష్ట్రాల వారీగా జరుగుతాయి, సంచికి మాత్రం సరిహద్దు తెలియదు.

ఇంత చెప్పినా బిల్లు అడగలేనివాడు ఒకడున్నాడు. విత్తనం, మందు, ఎరువు అన్నీ ఒకే దుకాణంలో ఉద్దెర తెచ్చి, పంట అదే షావుకారుకు కొలిచేవాడు. అతనికి బస్తా ధర కొన్న రోజు తెలియదు, కోతలయ్యాక ఖాతా చూసినప్పుడే తెలుస్తుంది. అందులో వడ్డీ ఎంతో, పెంచిన ధర ఎంతో విడదీయడం కష్టం. మీకు ఖాతా ఉంటే తెచ్చిన రోజే తేదీ, బస్తాలు, ధర మీ నోటు పుస్తకంలో రాసి షావుకారుతో ఒక పొడి సంతకం పెట్టించుకోండి. చేతిలో ఉన్న నగదును యూరియాకే వాడి, మిగతావి ఉద్దెర తీసుకోవడం మేలు. నియంత్రిత ధర ఉన్నది యూరియాకే గనుక మోసం తేటతెల్లంగా పట్టుబడేదీ దానిలోనే.

కౌలు రైతు పరిస్థితి మరీ ఇబ్బంది. పాస్ పుస్తకం ఆసామి దగ్గర, ఆసామి హైదరాబాదులో. వరుసలో పుస్తకం అడిగినచోట అతను ఒట్టి చేతులతో వెనక్కి వచ్చి, వెనక గది బస్తానే కొన్నాడు. కౌలు మాట్లాడుకునేటప్పుడే ఎరువుల కోసం పాస్ పుస్తకం జిరాక్సు ఇవ్వాలని ఆసామితో ఒప్పించుకోండి. మీ పేరు, ఎకరాలు పంట నమోదులో రాయించమని వ్యవసాయ విస్తరణ అధికారిని నాట్లు పడగానే అడగండి.

ఫిర్యాదు మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. దుకాణం పేరు, తేదీ, బస్తాలు, తీసుకున్న సొమ్ము రాసి, చీటీ నకలు జతచేయండి. ఒక్కరు వెళ్తే "చూద్దాం" అంటారు. ఒకే దుకాణంలో కొన్న నలుగురు కలిసి సంతకాలు పెట్టి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి.