ఊపిరిలో బంగారు పూసలు

మైక్రోస్కోపులో చూస్తే అచ్చం పూసల దండే! సన్నటి దారానికి గుచ్చినట్టు బంగారు వన్నె గుండ్లు. రెండు చివర్లా కాస్త లావు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అది దొరికేది నగల పెట్టెలో కాదు... మనిషి ఊపిరితిత్తుల్లో! రాతినార ధూళి పీల్చినవారి ఊపిరితిత్తుల్లో. రాతినార అంటే మరేదో కాదు, ఇంటి పైకప్పు రేకుల్లో వాడే ఆస్‌బెస్టాస్.

నెల్లీ కథ

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణం. నెల్లీ కెర్షా అక్కడి ఫ్యాక్టరీలో రాతినారను వడికే పనిచేసేది. ఆరోగ్యం పాడై 1922లో పని మానేసింది. రాతినార వల్లే ఈ జబ్బని డాక్టరు రాసిచ్చినా, కంపెనీ పరిహారం ఇవ్వనంది. చట్టం జాబితాలో అలాంటి జబ్బే లేదు మరి! 1924 మార్చి 14న, 33 ఏళ్లకే నెల్లీ కన్నుమూసింది.

మరణ విచారణలో భాగంగా ఆమె ఊపిరితిత్తుల్ని పాథాలజిస్టు విలియం కుక్ పరీక్షించాడు. స్పాంజిలా మెత్తగా ఉండాల్సిన కణజాలం మచ్చలు కట్టి బిగుసుకుపోయింది. మధ్యమధ్య రాతినార ముక్కలు. బతికుండగా ఆమె మాట చెల్లలేదు. చనిపోయాక ఊపిరితిత్తులే సాక్ష్యం చెప్పాయి. ఆ వివరాల్ని కుక్ అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించాడు. 1927లో ఆ జబ్బును 'ఆస్‌బెస్టోసిస్' అన్నాడు. ఊపిరితిత్తుల్లోని వింత ఆకారాల గురించీ రాశాడు. అవే ఈ పూసలు.

తర్వాత బ్రిటన్ ప్రభుత్వం 363 మంది కార్మికుల్ని పరీక్ష చేయిస్తే, ఇంచుమించు నలుగురిలో ఒకరికి ఆ జబ్బు బయటపడింది. ధూళిని అదుపుచేసే నిబంధనలు 1931లో వచ్చాయి.

పూస ఎలా పుడుతుంది?

ఊపిరితిత్తుల్లోకి దుమ్ము చేరితే, కాపలా కణాలు దాన్ని మింగేస్తాయి. రాతినార పోగు మాత్రం వాటికి కొరుకుడు పడదు. కణం కన్నా పోగే పొడవు! మింగలేక, వదల్లేక దానిచుట్టూ ఇనుము, ప్రొటీన్ల పూత పూస్తాయి. ఆ పూతే పూసలుగా కనిపిస్తుంది. ఇనుమును పట్టిచ్చే రంగు వేస్తే పూసలు నీలంగా మారతాయి. కాపలా కణాల పెనుగులాటలో వెలువడే రసాయనాలతో చుట్టుపక్కల కణజాలం దెబ్బతిని మచ్చ కడుతుంది. ఆ మచ్చ మళ్లీ మామూలు కాదు.

ఒకటీ అరా పూసలు ఆరోగ్యవంతుల్లోనూ ఉండొచ్చు. పూస ఉన్నంత మాత్రాన జబ్బున్నట్టు కాదు, ఆ ధూళి పీల్చారని మాత్రమే అర్థం. పూసలతోపాటు మచ్చలూ ఉంటేనే ఆస్‌బెస్టోసిస్. చాలామందిలో అది బయటపడటానికి ఇరవై ముప్ఫై ఏళ్లు పడుతుంది. ఈలోగా మనిషి ఆ పని మానేసి, ఆ సంగతే మరచిపోయి ఉండొచ్చు. అందుకే రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డుల్ని కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని మన సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది.

మన నెత్తిమీదే...

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు రాతినారను తవ్వి తీశారు. అన్నిరకాల రాతినారా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతోంది. యాభైకి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి. మనదేశం మాత్రం తెల్ల రాతినారను దిగుమతి చేసుకుని సిమెంటు రేకుల్లో వాడుతూనే ఉంది.

రేకుల ఇల్లయితే కంగారు పడక్కర్లేదు. చెక్కుచెదరని రేకు నుంచి పోగులు అంతగా రావు. ప్రమాదమంతా కోసినప్పుడూ, రంధ్రాలు వేసినప్పుడూ, పగిలినప్పుడే. పగిలిన రేకును కదపాల్సివస్తే ముందు నీళ్లతో తడపండి. ఆ దుమ్మును పొడి చీపురుతో ఊడవకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. రేకులు కోసే పనిచేసేవారు ఇంటికొచ్చాక ఆ బట్టల్ని దులపకుండా విడిగా తడిపి ఉతకాలి. ఆయాసం, పొడిదగ్గు వదలకపోతే ఒకప్పుడు చేసిన పని గురించి డాక్టరుకు తప్పక చెప్పాలి.

రాచ్‌డేల్‌లో గుర్తు రాయైనా లేని సమాధిలో నిద్రించిన నెల్లీకి 2006లో స్మారక ఫలకం పెట్టారు. ఆమె ఊపిరి చెప్పిన సాక్ష్యం మాత్రం అప్పటికే వైద్య పుస్తకాలకెక్కింది.