కారు మోకాళ్ళు

గోడ మీదినుంచి కిందికి దూకేటప్పుడు మీరేం చేస్తారు? ఎవరూ నేర్పకపోయినా మోకాళ్ళు వంచుతారు. కాళ్ళు కర్రల్లాగా బిగబట్టి దూకితే దెబ్బ నడుముకూ, తలకూ కూడా అదురుతుంది. అలా అని మోకాళ్ళను పూర్తిగా వదిలేస్తే చతికిలబడిపోతారు. బిగువూ, వదులూ రెండూ తగుపాళ్ళలో ఉండాలి.

కారుకు కూడా ఇటువంటి మోకాళ్ళున్నాయి. వాటినే సస్పెన్షన్ అంటారు. సరదాకూ, పందేలకూ స్పోర్ట్స్ కారు నడిపేవాళ్ళు కొందరు, ఫ్యాక్టరీలో బిగించిన సస్పెన్షన్ తీసేసి, వేరే కంపెనీలు చేసే మరోరకం కొని పెట్టిస్తారు. దీని ఎత్తునూ, బిగువునూ మరలు తిప్పి మార్చుకోవచ్చు. అయితే ఏది కొనాలి? ఎంత బిగించాలి? "ఎంత గట్టిదైతే అంత మంచిది" అని చాలామంది చటుక్కున జవాబు చెబుతారు. ఈ జవాబు సరి అయినది కాదు. ఎందుకు కాదో తెలుసుకోవాలంటే ముందు ఆ మోకాలులో ఏమున్నదో చూడాలి.

స్ప్రింగు చేసే పని

మన పాతకాలపు ఎద్దుబండికి స్ప్రింగులు లేవు. చక్రం రాయి ఎక్కితే బండీ ఎక్కేది, బండిలోని మనిషీ ఎగిరేవాడు. జట్కాబండికి ఇనపపట్టీలు పేర్చి చేసిన కమానులుండేవి గనక అందులో ప్రయాణం కొంత నయం. ఇంగ్లండులో 1804లో ఒబడయా ఎలియట్ అనే ఆయన రెండు కమానులను ఎదురెదురుగా బోర్లించి, కోడిగుడ్డు ఆకారంలో బండికి అమర్చాడు. తరవాత గుర్రపుబండ్లలో ఆ పద్ధతి బాగా వ్యాపించింది. నేటి స్పోర్ట్స్ కార్లలో ఎక్కువగా ఉండేవి మెలికలు తిరిగిన స్ప్రింగులు.

స్ప్రింగు స్వభావాన్ని మొదట సూత్రంగా చెప్పినవాడు రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు. తాను కనుక్కున్నది మరొకరు కాజేస్తారని భయపడి, 1676లో ఆయన తన సూత్రంలోని అక్షరాలను చెల్లాచెదరు చేసి, పొడుపుకథలాగా ప్రకటించాడు! రెండేళ్ళ తరవాత, 1678లో, తానే దాన్ని విప్పాడు. సూత్రం చాలా సులువైనదే: బరువు రెండింతలైతే స్ప్రింగు సాగటమో అణగటమో కూడా రెండింతలవుతుంది.

స్ప్రింగు కొనేవాళ్ళు ఈ సూత్రాన్నే వాడతారు. ఒక మిల్లీమీటరు అణగటానికి ఎన్ని కిలోల బరువు కావాలో స్ప్రింగు మీద రాసి ఉంటుంది. 5 కిలోల స్ప్రింగు మీద 250 కిలోల బరువు పెడితే అది 50 మిల్లీమీటర్లు అణుగుతుంది. 10 కిలోల స్ప్రింగు అదే బరువుకు 25 మిల్లీమీటర్లే అణుగుతుంది. చక్రానికీ, స్ప్రింగుకూ మధ్య మీటల్లాంటి కడ్డీలుంటాయి గనక కారులో ఈ లెక్క కొంత మారుతుంది. కాని సూత్రం అదే.

ఊగును ఆపేదెవరు?

స్ప్రింగుకు ఒక చెడ్డగుణం ఉన్నది. ఒకసారి అణిగితే అది తిరిగి లేచి ఊరుకోదు, ఊగుతూనే ఉంటుంది. దాని ఊగును ఆపటానికే పక్కన ఒక డాంపరును పెడతారు. వాడుకలో దాన్ని షాక్ అబ్సార్బరు అంటారు. నిజానికి దెబ్బను ముందుగా ఓర్చుకునేది స్ప్రింగు; డాంపరు ఆ ఊగును అణుస్తుంది.

ఇది మీరే పరీక్షించి చూడవచ్చు. ఒక రబ్బరుబ్యాండుకు చిన్న రాయి కట్టి వేలాడదీసి, కొంచెం కిందికి లాగి వదలండి. అది చాలాసేపు కిందికీ పైకీ ఊగుతుంది. ఇప్పుడు ఆ రాయి మునిగేటట్టుగా కింద నీళ్ళగ్లాసు పెట్టి, మళ్ళీ లాగి వదలండి. ఊగు త్వరగా ఆగుతుంది. నీళ్ళకు బదులు ఆముదం పోసి చూడండి. రాయి మెల్లిగా తన చోటికి వచ్చి ఆగుతుంది.

డాంపరులో జరిగేదీ ఇదే. నూనె నింపిన గొట్టంలో ఒక ముషలకం కదులుతుంది. ముషలకానికి సన్నని దారులుంటాయి. నూనె వాటిగుండా ఇరుక్కుంటూ పోవాలి. అందుచేత ఊగు తగ్గి, ఆ శక్తి వేడిగా మారిపోతుంది. గతుకుల దారిలో చాలాసేపు నడిచిన కారు డాంపరు వేడెక్కటానికి కారణం ఇదే.

ఇక సవరించుకునే డాంపరులో రహస్యం ఏమిటి? నూనె పోయే దారికి ఒక సూదిలాంటి మర ఉంటుంది. దాన్ని బిగిస్తే దారి సన్నమై డాంపరు గట్టిపడుతుంది. వదులు చేస్తే మెత్తబడుతుంది. మర తిప్పేటప్పుడు "టిక్, టిక్" మని మెట్లు తెలుస్తాయి. కొన్నిటికి 16 మెట్లుంటాయి, కొన్నిటికి 30 కూడా ఉంటాయి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 20వ శతాబ్దం మొదట్లోనే ఫ్రాన్సులో ట్రూఫో, అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనేవాళ్ళు ఒకదాన్నొకటి రాసుకునే బిళ్ళలతో డాంపర్లు తయారుచేశారు. నడుమ ఉన్న నట్టును బిగిస్తే బిళ్ళలు గట్టిగా రాసుకునేవి. నెదర్లాండ్సులోని కోనీ కంపెనీ కథ ఇంకా చిత్రమైనది. 1857లో గుర్రపుబండ్ల సామాను చెయ్యటంతో మొదలైన ఆ కంపెనీయే తరవాత కార్లకు సవరించుకునే డాంపర్లు చేసి పేరు తెచ్చుకున్నది.

గట్టిదనం ఎక్కడ ప్రమాదం?

ఇప్పుడు ఒక నిజమైన కారును తీసుకుందాం. జపానులోని మాజ్డా కంపెనీ 1989లో ఎంఎక్స్-5 అనే చిన్న కారును బయటపెట్టింది. ఇద్దరు మాత్రమే కూర్చునే కారు అది. బరువు సుమారు ఒక టన్ను. గుర్రమూ, దాని మీది రౌతూ ఒకే శరీరంగా కదిలినట్టు కారూ, మనిషీ కదలాలనేది దాన్ని తయారుచేసిన ఇంజనీర్ల ఉద్దేశం. ఈ రకం కార్లు 2016 నాటికి పది లక్షలు తయారైనాయి. మార్చుకునే సస్పెన్షన్లు ఈ కారుకు దొరికినన్ని చాలా కార్లకు దొరకవు.

ఇటువంటి కారున్న ఒకతను "పందెపు కార్లు గట్టిగా ఉంటాయి గదా" అని అన్నిటికన్నా గట్టి స్ప్రింగులు కొని, కారును 50 మిల్లీమీటర్లు కిందికి దించాడనుకుందాం. నున్నని పందెపు బాట మీద అతని కారు చక్కగా పోతుంది. మలుపులో పక్కకు ఒరగదు. స్టీరింగు తిప్పీ తిప్పకముందే మాట వింటుంది. మరి అదే కారు గతుకులున్న కొండదారిలో మలుపు తిరిగితే ఏమవుతుంది?

కారు నేలను పట్టుకునేది నాలుగు టైర్లతోనే. ఒక్కొక్క టైరు నేలను తాకేది సుమారు అరచెయ్యి అంత మేర. బ్రేకు వేసినా, స్టీరింగు తిప్పినా కారు మాట వినేది ఆ నాలుగు అరచేతుల పట్టువల్లనే. గతుకు వచ్చినప్పుడు చక్రం చటుక్కున పైకి లేచి, చటుక్కున కిందికి దిగాలి. స్ప్రింగు మరీ గట్టిదైతే చక్రంతోపాటు కారే ఎగురుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 20 మీటర్లు పోతుంది. టైరు సెకనులో పదోవంతు కాలం నేలను విడిచినా, ఆ కారు 2 మీటర్ల దూరం ఆ టైరు పట్టు లేకుండా పోయినట్టే. మలుపులో, పక్కనే లోయ ఉన్నప్పుడు, 2 మీటర్లు తక్కువ దూరం కాదు.

కారును మరీ దించితే మరొక చిక్కు. స్ప్రింగు అణగటానికి మిగిలే చోటు తగ్గిపోతుంది. చిన్న గతుకుకే డాంపరు పోయి రబ్బరుదిమ్మకు కొట్టుకుంటుంది. ఆ క్షణంలో సస్పెన్షన్ ఉన్నా లేనట్టే.

డాంపరును మితిమీరి బిగించినా కీడే. మొదటి గతుకుకు పైకి లేచిన చక్రం తిరిగి దిగటానికి ఆలస్యమవుతుంది. ఈలోగా రెండో గతుకు వస్తుంది, మూడోది వస్తుంది. చక్రం ప్రతిసారీ కొంచెం కొంచెంగా పైనే ఉండిపోయి, కారు కుంగుతూపోతుంది.

మెత్తగా ఉండి కూడా మంచిపేరు తెచ్చుకున్న స్పోర్ట్స్ కార్లు లేకపోలేదు. ఇంగ్లండులో లోటస్ కంపెనీ 1962లో తెచ్చిన ఎలాన్ అనే కారు స్ప్రింగులు మెత్తనివి. అయినా మలుపుల్లో రోడ్డును పట్టుకుని పోవటంలో అది పేరుపొందింది. కారు తేలికగా ఉండి, డాంపర్లు తగినట్టుగా ఉంటే మెత్తదనం లోపం కాదు. మరీ మెత్తనైతే మాత్రం కారు మలుపులో ఒరిగి, టైర్లు వాలిపోయి పట్టు తగ్గుతుంది.

ఎలా ఎన్నుకోవాలి?

మొదటి ప్రశ్న: కారు ఏ దారిలో నడుస్తుంది? జపానులో సుకుబా అనే పందెపు బాట ఉన్నది. దాని చుట్టుకొలత సుమారు 2 కిలోమీటర్లు. అటువంటి నున్నని బాట మీదనే నడిపేవాళ్ళు గట్టి స్ప్రింగులు తీసుకోవచ్చు. రోజూ బజారుకూ, ఆఫీసుకూ వెళ్ళి, ఎప్పుడో ఒకసారి పందెపు బాటకు వెళ్ళేవాళ్ళు ఆ రోజువారీ దారికి తగినవే కొనాలి.

రెండో ప్రశ్న: ఎన్ని మరలు కావాలి? ఒకే మర ఉన్న డాంపరు సామాన్యంగా చాలు. రెండు మరలున్న వాటిలో చక్రం లేవటాన్నీ, దిగటాన్నీ విడివిడిగా సవరించవచ్చు. మూడు, నాలుగు మరలున్నవి కూడా ఉన్నాయి. మరలు ఎక్కువైనకొద్దీ తప్పు చెయ్యటానికి దారులూ ఎక్కువే. వాటిని ఉపయోగించటం తెలియనివాడికి అవి వృథా ఖర్చు.

మూడో ప్రశ్న: ఎత్తును ఎలా మారుస్తుంది? కొన్నిటిలో స్ప్రింగు కింది పళ్ళాన్ని తిప్పి కారును దించుతారు. అలా దించితే డాంపరు కదిలే చోటు తగ్గుతుంది. కొన్నిటిలో డాంపరు అడుగుభాగమే మరలతో పొడుగూ పొట్టీ అవుతుంది. అప్పుడు ఆ చోటు తగ్గదు.

నాలుగో ప్రశ్న: పాడైతే బాగుచేసేవారున్నారా? నూనె కారిన డాంపరును విప్పి మళ్ళీ నింపటానికి వీలుండాలి. మంచు పడే దేశాలలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. దానివల్ల మరలు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. అటువంటి చోట తుప్పుపట్టని లోహం చూసి కొనాలి.

ఐదో ప్రశ్న: చట్టం ఒప్పుకుంటుందా? జపానులో కారు అడుగుకూ నేలకూ మధ్య సాధారణంగా 9 సెంటీమీటర్ల ఖాళీ ఉండి తీరాలి. జర్మనీలో మార్చిన సస్పెన్షన్‌కు ఆమోదపత్రం ఉండాలి. మన దేశంలోనైతే 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, కంపెనీవారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చటాన్ని నిషేధిస్తుంది. కాబట్టి డబ్బు ఇచ్చే ముందే అడిగి తెలుసుకోవాలి.

పీట కాళ్ళ సంగతి

కొన్నంత మాత్రాన పని తీరలేదు. నాలుగుకాళ్ళ పీటకు ఒక కాలు పొట్టిదైతే ఏమవుతుందో మీకు తెలుసు. కారు నాలుగు మూలల ఎత్తులూ అంతే. నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టి, నడిపే మనిషిని కూర్చోబెట్టి, ఏ చక్రం మీద ఎంత బరువు పడుతున్నదో చూసి సరిచేస్తారు. ఎత్తు మారితే చక్రాలు నిలిచే కోణం కూడా మారుతుంది. దాన్ని సరిచెయ్యకపోతే టైర్లు ఒకవైపే అరిగిపోతాయి. హెడ్‌లైట్ల వెలుగు ఎక్కడ పడుతున్నదో కూడా చూడాలి.

తరవాత డాంపర్ల సంగతి. అన్నిటినీ మెత్తని మెట్టు మీద ఉంచి, రోజూ నడిపే దారిలోనే నెమ్మదిగా నడిపి చూడాలి. ఆపైన రెండేసి మెట్లు బిగిస్తూ పోవాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. ముందు డాంపర్లూ, వెనక డాంపర్లూ, టైర్లలో గాలీ అన్నీ ఒకేసారి మారిస్తే, మేలు దేనివల్ల జరిగిందో, కీడు దేనివల్ల జరిగిందో తెలియదు. ప్రతి మార్పునూ పుస్తకంలో రాసుకోవాలి. బిగిస్తూ పోగా ఒక మెట్టు దగ్గిర కారు గతుకుల మీద గెంతటం మొదలుపెడుతుంది. అప్పుడు రెండు మెట్లు వెనక్కు తిప్పితే ఆ దారికి తగిన బిగువు దొరికినట్టే.

పందెపు జట్లలోని ఇంజనీర్లు కూడా ఇలాగే మార్చి, నడిపించి, రాసుకుంటారు. వాళ్ళ దగ్గిర మంచి పరికరాలుంటాయి. పద్ధతి మాత్రం ఒకటే.

చివరకు మీ ఇంట్లో కారు ఉంటే చెయ్యదగిన పరీక్ష ఒకటి. బండి ఆపి ఉన్నప్పుడు, పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళనే కారు ఒక మూలను కిందికి గట్టిగా నొక్కి వదలమనండి. అది ఒకసారి లేచి నిమ్మళంగా ఆగిందా? అయితే ఫరవాలేదు. రెండు మూడుసార్లు ఊగిందా? డాంపరు అరిగిపోయి ఉండవచ్చు. మెకానిక్కుకు చూపించమని చెప్పండి.